పసుపు దారం కట్టిన కాయలు

మా పెద్దమ్మ చేనులో పనిచేసేవాళ్లలో నేను పనికి తక్కువ, మాటకు ఎక్కువ. ఇది నేను చెప్పుకుంటున్నది కాదు, పెద్దమ్మే ఊరంతా చెప్పి పెట్టింది. డిగ్రీ అయిపోయింది. కొన్ని ఉద్యోగాలకు నోటిఫికేషన్ రాలేదు, వచ్చిన వాటికి నా మార్కులు రాలేదు. అందుకని రెండేళ్లుగా అయిజ దగ్గర ఆమె కౌలుకు పట్టిన రెండెకరాల సీడు పత్తిలో పూలు రుద్దుతున్నాను. పెండ్లి సంబంధాలవాళ్లు అడిగితే మాత్రం విత్తనోత్పత్తి రంగం అని చెప్తాను.

ఆ పని ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. సీడు పత్తి అంటే దూది కోసం కాదు, గింజ కోసం వేసే పత్తి. కొన్ని వరసలు ఆడవి, కొన్ని మగవి. మధ్యాహ్నం ఆడ వరసల్లో దూరి, మరునాడు విచ్చుకునే మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకులూ లోపలి పుప్పొడీ ఒలిచేస్తాం. పొద్దున కనబడడానికి దానికి ఎర్ర కాగితం ముక్క తొడుగుతాం. మరునాడు మగ వరసలోని పూలు తెంపుకొచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ రుద్ది, తొడిమకు దారం కడతాం. దారం ఉన్న కాయే లెక్కలోకి వస్తుంది. ఎండ ముదరకముందే రుద్దాలి. లేదంటే మొగ్గ రాలిపోతుంది, ముందు రోజు పన్నెండు మంది నడుములు వంచి చేసిన పని మట్టిలో కలుస్తుంది. కాబట్టి పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా మా చేనులో ఎవరూ తల ఎత్తరు. మేం చేసినదానికి ఇది కారణం. సాకు అని కూడా అనొచ్చు.

అన్ని గంటలు వంగి ఉండేవాళ్లను ఎవరో ఒకరు నవ్వించాలి. ఆ పని నాది. ఎవరైనా పెద్ద విషయం మోసుకొస్తే దాని గాలి తీసేవాణ్ని. నిరుడు బోరు మోటరు పెట్టె దగ్గర పొగ వచ్చిందని అందరూ పూల గంపలు పడేసి ఉరికారు. "మోటరు కాలలే, ఎవరో బీడీ తాగుతుండు" అని నేను కూర్చున్న చోటే కూర్చున్నాను. నిజంగానే బీడీ. ఉరికినవాళ్లు తిరిగొచ్చేసరికి ఎండెక్కి రెండు సాళ్ల మొగ్గలు రాలిపోయాయి. పెద్దమ్మ వారం దాకా ఆ రెండు సాళ్ల గురించే మాట్లాడింది. అప్పటినుంచి ఏ సప్పుడు విన్నా, ఏ అరుపు విన్నా ముందు నా మొహం చూడడం మా ముఠాకు అలవాటైంది. నేను ఏం కాలేదంటే ఏం కాలేదన్నట్టే.

ఇక డ్రోన్ అన్న. ఆయనది అమరచింత దిక్కు, ముప్పై ఐదేళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. మందు కొట్టే డ్రోన్ ఒకటి తెచ్చుకుని, ట్రాలీ ఆటోలో వేసుకుని చుట్టుపక్కల చేన్లకు తిరుగుతాడు. దాన్ని తన భుజం మీది తువ్వాలతోనే తుడుస్తాడు, ఎండలో పెడితే కండువా కప్పుతాడు. మా వదిన, అంటే పెద్దమ్మ కోడలు, దానికి ఆయన చిన్న పెండ్లాం అని పేరు పెట్టింది. పేరు ఆమెదే. వాడకం ఎక్కువ నాది.

సెప్టెంబరులో ఒక పొద్దున. తెల్ల దారం కండె ఇంట్లో మరిచిపోయి వచ్చాం. పెద్దమ్మ అందరినీ వరసగా తిట్టి చివరికి నా దగ్గర ఆగింది. వదిన పుట్టిల్లు గద్వాలలో మగ్గం ఇల్లు. మగ్గం మీద మిగిలిన పసుపు నూలు కొంత ఆమె సంచిలో ఉంది. ఆ రోజుకు దాన్నే తలా ఇంత పంచింది.

"పసుపు తాడు గడ్తున్నం. ఈ పూలన్న జర ముహూర్తం జూస్కొని పండుతయో ఏమో" అన్నాను.

"నీకెప్పుడు గడ్తరో అది జూస్కో" అంది వదిన.

తలా ఒక సాలు పట్టుకుని దిగాం. పక్క చేనుకూ మాకూ మధ్య మనిషికి మించి ఎత్తున జొన్న ఉంది. ఆ అవతల డ్రోన్ మోత పొద్దుటినుంచీ వినిపిస్తూనే ఉంది. ఆ దిక్కునే మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, గుట్టకు అవతల, ఎవరో పెద్దమనిషి పొలాల నడుమ చిన్న విమానాలు ఎగిరే బాట వేయించాడని మాకు తెలుసు. చూసినవాళ్లు లేరు. ఆ విమానాలు అవతలే లేచి అవతలే తిరిగేవి. మా మీదికి ఒక్కటీ రాలేదు. మా ఆకాశంలో మోత అంటే డ్రోన్ మోతే.

నేను నా సాలులో సగం దాటి, డ్రిప్పు పైపు వాల్వు దగ్గర ఉన్నాను. మోత ఎక్కువైంది. దగ్గింది. ఆగింది. తర్వాత జొన్న అవతల, లారీ మీదినుంచి సిమెంటు బస్తాలు ఒక్కసారే తోసేసినట్టు నేల అదిరింది.

తలలన్నీ లేచాయి. పెద్దమ్మ పూల గంప కింద పెట్టింది. పెట్టడం నేను చూశాను. రెండు అడుగులు వేసి, అలవాటు ప్రకారం ఆగి నా దిక్కు చూసింది.

"డ్రోనే పడ్డది పెద్దమ్మా" అన్నాను. "అన్న చిన్న పెండ్లాం అలిగి నేల మీద పడి కొట్టుకుంటుంది. పోకుండ్రి. ఆలుమొగలు కొట్లాడుకుంటుంటే నడుమ మనమెందుకు?"

మంచి జోకే. అప్పటికి మంచిదే. వదిన నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది. చివరి సాలులో ఉన్న ముసలామెకు వినపడకపోతే పక్కామె మళ్లీ చెప్పింది, రెండోసారి కూడా అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు గానీ గంప ఎత్తుకుంది. "బ్యాటరీ పాడైతే లచ్చలాయె పాపం" అని ఒకామె అంటే, "పెద్ద పెండ్లాం కడుపు సల్లగైతది" అని నేను. మళ్లీ నవ్వు. ఆ పొద్దున నా నోరు బాగా నడిచింది.

సాలు కొసకు వచ్చాం. నడుములు సరిచేసుకుంటున్నాం. అప్పుడు గట్టు మీద డ్రోన్ అన్న నడుచుకుంటూ వచ్చాడు. భుజం మీద డ్రోన్. దానికి ఎక్కడా గీత కూడా పడలేదు.

"ఏందే గా సప్పుడు ఇందాక?" అన్నాడు. "నేను ఆ కొసకు చెట్ల కింద బ్యాటరీ మార్సుతున్న. మీ దిక్కు ట్రాక్టరేమన్న బోల్త పడ్డదా?"

పన్నెండు మందిమీ ఆయన్ని కాదు, డ్రోన్‌ను చూస్తున్నాం. పెద్దమ్మ చేతిలోని గంప జారిపోయింది. ఈసారి ఆమె నా మొహం చూడలేదు.

జొన్నలోంచి ఉరికాం. ఆకులు మొహాలు కోశాయి. అవతల కంది చేనులో అది ముక్కు మట్టిలో గుచ్చుకుని ఉంది. తెల్లగా, మా ఊరి ఆటో కంటే కొంచెం పెద్దది, ఒక రెక్క విరిగి వీపు మీదికి మడిచి ఉంది. మంట లేదు, పొగ లేదు. పెట్రోలు వాసన, తడి మట్టి వాసన. లోపల ఒక్కడే ఉన్నాడు. నా ఈడువాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.

విమానం నడిపేవాడంటే ఏ హైదరాబాదువాడో, ఏ ఢిల్లీవాడో అనుకున్నాను. ఉరుకుతూనే నా డిగ్రీలోంచి ఒక ఇంగ్లీషు వాక్యం వెతికి పట్టుకున్నాను. అది నోట్లోనే ఉంది. అతను నన్ను చూసి, "అన్నా, కాలు మీదికెల్లి జర గది తియ్యరాదె" అన్నాడు.

మా మాట. మా పాలమూరు మాట. ఏదో రేకు అతని తొడ మీదికి వంగి ఉంది. డ్రోన్ అన్నా నేనూ కలిసి గుంజితే రాలేదు, చేనులోంచి గడ్డపార తెచ్చి లేపితే వచ్చింది. వచ్చాక తెలిసింది, అతని అసలు దెబ్బ కాలుకు కాదు. కడుపు దగ్గర అంగీ లోపల ఏదో ఉబ్బి ఉంది. నీళ్లు అడిగాడు. ఇయ్యొద్దని ఒకరు, ఇయ్యమని ఒకరు. పెద్దమ్మ ఎవరినీ అడక్కుండా కొంగు తడిపి పెదాలు తుడిచింది.

ఏదో ఒకటి మాట్లాడించాలని, "ఏం గాదు తమ్మీ, అచ్చినం గద" అన్నాను.

"మీరు నవ్వుతుంటే ఇనవడ్డది" అన్నాడు. "దగ్గర్నే ఉన్నరనుకున్న. పిలిచిన. గొంతు లేస్తలేదు."

నిష్ఠూరంగా అనలేదు. దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. నా పక్కన వదిన ఉంది. ఆమె నోట్లో కొంగు అట్లనే ఉంది, కానీ ఇప్పుడు నవ్వు కోసం కాదు.

మందు డ్రమ్ముల కింద పరిచే పరదా మీద పడుకోబెట్టి ఆరుగురం రోడ్డు దాకా మోశాం. అంబులెన్సుకు ఫోన్ చేశాం గానీ అది వచ్చేదాకా ఆగలేక డ్రోన్ అన్న ట్రాలీ ఆటోలోనే గద్వాల దవాఖానకు బయలుదేరాం. వెనక అతని తల నా ఒళ్లో. ప్రతి గుంతకూ కళ్లు మూసేవాడు. ఒక గుంత తర్వాత మళ్లీ తెరవలేదు. ఆ తర్వాత కూడా గుంతలు వచ్చాయి. డ్రోన్ అన్న ప్రతిదాన్నీ చూసి తప్పిస్తూనే ఉన్నాడు. ఆయనకు నేను చెప్పలేదు.

లోపల రక్తం పోయిందన్నాడు డాక్టరు. "జర ముందు తెస్తే?" అని డ్రోన్ అన్న అడిగాడు. చెప్పలేమన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు పనికొచ్చింది.

సాయంత్రానికి పోలీసులు, మైకులు. పెద్దమ్మ చేను గట్టు మీదే అందరి మాటా ఒకటి చేసింది. "ఎంటనే ఉరికినం. గంతే. ఒక్క మాట ఇటు అటు గావద్దు." ఎవరూ ఇటు అటు కాలేదు. ముఠాలో నోరున్నవాణ్ని కాబట్టి మైకు ముందుకు నన్నే తోశారు. నేను చెప్పాను. సప్పుడు వినగానే ఉరికినం, జొన్నలకెల్లి ఉరికినం, మొహాలు గీసుకపోయిన గానీ ఆగలే. గీతలు చూపించాను కూడా. ఆ టీవీలో నేను చెప్పిన వేగానికి మమ్మల్ని ఒలింపిక్సుకు పంపాలి. ఆ విమానం ఎందుకు పడిందో మాత్రం మాకు ఇప్పటికీ తెల్వదు. పిట్ట తగిలిందని కొందరు, ఇంజను ఆగిందని కొందరు, నేర్చుకునే పిలగాడు కదా అని కొందరు అన్నారు. అతను ఒంటరిగా ఎగరడం అది రెండోసారో మూడోసారో అట.

మరునాడు పెద్దమ్మ మిగిలిన పసుపు నూలు తీసుకెళ్లి కాలువలో పడేసింది. మళ్లీ తెల్ల దారం. దాంతో ఒక చిక్కు వచ్చింది. ఆ ఒక్క పొద్దున రుద్దిన మొగ్గలకే పసుపు దారం ఉంది. నా సాలులో వాల్వు దగ్గర్నుంచి కొస దాకా ఇరవై ఆరు చెట్లు. ఆ ఇరవై ఆరు చెట్ల మీది పసుపు దారాలన్నీ అతను పడ్డ తర్వాత కట్టినవి. నవ్వుకుంటూ కట్టినవి. రోజూ ఆ సాలు పక్కనుంచే పోవాలి. వానలకు రంగు వెలిసింది గానీ దారం తెగలేదు. మొగ్గ పిందె అయింది, పిందె కాయ అయింది.

ఒక పొద్దున వేరే సాలులో, ఫోన్‌లో టైము పెట్టుకుని, సరిగ్గా ఇరవై ఆరు చెట్లు రుద్ది దారం కట్టాను. ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. మనసు ఒప్పక మరునాడు మళ్లీ, ఈసారి తొందరగా చేశాను. ఇరవై. తొందరలో రెండు మొగ్గలు విరిగాయి, పెద్దమ్మ తిట్టింది. తగ్గించగలిగింది రెండు నిమిషాలే.

నవంబరు చివర్లో కాయలు పగులుతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. బస్సు దిగి గట్టు మీద నడుచుకుంటూ, తెల్ల అంగీ, భుజాన తువ్వాల. తిమ్మాజిపేట దిక్కు నుంచి అని చెప్పాడు. తర్వాత ఎవరి తండ్రో చెప్పాడు. పెద్దమ్మ లేచి నిలబడి, "కూసోండి సార్" అంది.

"సార్ను గాదమ్మా. నాది గూడ ఎవుసమే. పత్తే."

జాగ చూస్తానన్నాడు. నేనూ పెద్దమ్మా తీసుకెళ్లాం. విమానాన్ని ఎప్పుడో లారీలో ఎత్తుకుపోయారు. కంది మళ్లీ చిగిర్చి పూతకొచ్చింది, ఎక్కడ పడ్డదో నేనే ఒకసారి తడబడ్డాను. ఆయన చుట్టూ చూసి, "గింతేనా?" అన్నాడు. వంగి మట్టి ముట్టుకున్నాడు, చేయి తువ్వాలకు తుడుచుకున్నాడు. తిరిగి మా చేనులోకి వచ్చాం. వచ్చాక నా ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"టీవీల నువ్వే గద బిడ్డా. సప్పుడు ఇనంగనే ఉరికినమని జెప్పినవ్. మా ఇంటామె ఫోన్ల పెట్టుకొని రోజు జూస్తది. నిన్ను జూస్తెనే ఇంత బువ్వ దింటది. మొహమంత కోసుకపోయింది పాపం ఆ పిలగానికి అంటది."

నా చూపు ఆయన చేతుల మీద ఉంది. పగిలిన వేళ్లు, పత్తి ఏరిన గోర్లు. పెద్దమ్మ నా దిక్కు చూస్తోంది. వద్దు అన్న చూపు అది. ఊరుకుంటే అయిపోయేది. ఆయన బస్సెక్కేవాడు, ఆమె బువ్వ తినేది. నేను మంచితనంతో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. ఆ దండం మోయలేక చెప్పాను.

"ఎంటనే రాలే పెద్దయ్యా" అన్నాను.

పెద్దమ్మ, "ఓరి" అంది.

"డ్రోన్ పడ్డదనుకున్నం. నేనే అన్న గట్ల. ఈమె పోతుంటే నేనే ఆపిన."

ఆయన చేతులు దించాడు. "ఎంతసేపు?"

"ఇరవై రెండు నిమిషాలు."

"గడియారం జూస్కున్నవా?"

"అప్పుడు జూస్కోలే. తర్వాత కొలిచిన." వాల్వు చూపించాను, సాలు కొస చూపించాను. పసుపు దారాల సంగతి చెప్పాను. పత్తి రైతు, ఎక్కువ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన వాల్వు దగ్గర మొదలుపెట్టి ఒక్కో చెట్టు దగ్గర ఆగుతూ నడిచాడు. కాయను అరచేతిలోకి తీసుకోవడం, దారాన్ని వేలితో తిప్పి చూడడం, వదిలేయడం. మేం వెనక నడిచాం. కొసకు చేరాక ఒక పగిలిన కాయను ఒత్తి చూసి, "బాగ పట్టినయ్" అన్నాడు.

రైతు మాట. నోటికి అలవాటుగా వచ్చిందో, కావాలనే అన్నాడో ఇప్పటికీ తెల్వదు.

"మావోడు ఏమన్న మాట్లాడిండా?"

అదీ చెప్పాను. నవ్వుతుంటే ఇనవడ్డదన్నడు. పిలిచిన, గొంతు లేవలేదన్నడు. పెద్దమ్మ అప్పటికే గట్టు మీద కూలబడి మొహం అటు తిప్పుకుంది.

ఆయన చేతిలోని కాయ వదిలేశాడు. తర్వాత అడిగాడు. "ఏమని నవ్విన్రు?"

"పెద్దయ్యా..."

"ఏమన్నవ్? గదే, నవ్వించిన మాట. జెప్పు."

నేను చెప్పిన జోకు మళ్లీ చెప్పమని ఎవరైనా అడిగితే నాకు అంతకన్నా సంతోషం ఉండేది కాదు. నిలబడి చెప్పాను. అన్న చిన్న పెండ్లాం అలిగి నేల మీద పడి కొట్టుకుంటుంది. పోకుండ్రి. ఆలుమొగలు కొట్లాడుకుంటుంటే నడుమ మనమెందుకు. చిన్న పెండ్లాం అంటే ఎవరో ఆయనకు తెల్వదు కాబట్టి అదీ వివరించాల్సి వచ్చింది. డ్రోన్ గురించి, తువ్వాల గురించి.

"గంతేనా?" అన్నాడు.

"గంతే పెద్దయ్యా."

తల ఊపాడు. తువ్వాల తీసి మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఇంట్ల జెప్ప" అన్నాడు. "టీవీలదే ఉండనీ. ఆమె గదే జూసుకుంటది."

బస్సు దాకా వెంట నడిచాను. వద్దనలేదు, రమ్మనలేదు. బస్సు ఆలస్యమైంది. మామూలుగా అట్లాంటి చోట ఎవరినో ఒకరిని పట్టుకుని నవ్విస్తాను. ఇద్దరం రోడ్డుకు రెండు పక్కల నిలబడ్డాం. బస్సెక్కేటప్పుడు ఆయన నాకు దండం పెట్టలేదు.

తిరిగొచ్చేసరికి పెద్దమ్మ గట్టు మీదే ఉంది. "జెప్పి ఏం జేసినవ్ రా?" అంది. "ఇన్నొద్దులు మనం పన్నెండు మందిమి మోసినం. ఇయ్యాల గాయన నెత్తిన బెట్టినవ్. ఇగ గాయన ఇంట్ల ఆమె టీవీ జూసినప్పుడల్ల పక్కన గూసోని నోరు మూసుకోవాలె."



మరునాడు ఏరుడు మొదలైంది. ఎవరూ ఏమీ అనుకోకుండానే నా సాలు వదిలి అటూ ఇటూ దిగారు. పెద్దమ్మ ఖాళీ సంచి ఒకటి తెచ్చి వాల్వు దగ్గర నా కాళ్ల ముందు పడేసింది.

"ఈడికెల్లి కొస దాక నువ్వే ఏరు" అంది.

ఏరాను. ముందు పసుపు దారం తెంపాలి, తర్వాత కాయ.